పడవకు నీళ్లు తాపిన సరంగు

పోయిన నెలలో ఒక పొద్దున నేను వాకిట్లో కొర్రలు చెరుగుతుంటే, కొత్త మనిషి ఒకడు వచ్చి గడప ముందు నిలబడ్డాడు. తెల్ల పంచె, భుజాన సంచి, మోకాళ్ల దాకా దుమ్ము. మైదుకూరు వరకు బస్సులో వచ్చి, అక్కడినుంచి నడిచాడట.

"ఇక్కడ పడవల సాల అని ఒకటుండేదటండి. అదెక్కడండి?" అన్నాడు.

ఆ "అండి" చెవిన పడగానే నా చేతిలో చేట ఆగిపోయింది. మా వైపు ఆ పలుకు పలికిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఈ వచ్చినవాడు అతని చెల్లెలి కొడుకు. సముద్రం ఒడ్డు నుంచి ఇంత దూరం వచ్చాడు.

"మావయ్య మొన్న మాఘంలో పోయారండి. పోయేదాకా మీ ఊరి మాటేనండి. ఒకసారి చూసి పోదామని వచ్చాను."

చేట పక్కన పెట్టి కాలువగట్టు దాకా తీసుకుపోయి చూపించాను. చూపించడానికి ఏముంది? నాలుగు రాతి కంబాలు, వాటికి కట్టేసిన రెండు మేకలు. ఆ మనిషి చెప్పులు విడిచి, కంబాల నడుమ చేతులు జోడించి కాసేపు నిలబడ్డాడు. తిరిగి వస్తుంటే అడిగాడు.

"మావయ్య ఒకమ్మను తలుచుకునేవారండి. కరువులో తనను గడపలో కూర్చోబెట్టి, దగ్గరుండి నీళ్లు తాగించేదట. ఆవిడ చల్లగా ఉండాలి అనేవారు. ఆవిడెవరో మీకు తెలుసాండి?"

"తెలీదప్పా" అన్నాను.

యేసును ఎరగనని పేతురు అబద్ధమాడితే కోడి కూసింది. మా వాకిట్లో మూడు కోళ్లున్నాయి, ఒక్కటీ తల ఎత్తలేదు. ఆ మనిషి మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

నేను మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను. తర్వాత చదివింది బైబిలు, రాసింది చాకలి పద్దు. మనవళ్ల పాత నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాలు పారేయడం నాకు చేతకాక దాచాను. వాటిమీదే ఇది రాస్తున్నాను. కిరసనాయిలు దండగ కాబట్టి పగటిపూట రాస్తున్నాను.

అతన్ని ఊరంతా సరంగు అనేది. పడవ నడిపించే పెద్దను అలా అంటారట. అసలు పేరు నాకు తెలుసు. రాయను. ఆ పేరు మీద మేము మోపిన బరువు చాలు.

కర్నూలు నుంచి కడపకు తవ్విన కాలువ మా ఊరి పక్కగా పోతుంది. ఇప్పటి పిల్లలకు అది పొలాలకు పారే కాలువ. తవ్విన దొరలు అందులో పడవలు కూడా నడవాలని తవ్వారు. నా చిన్నతనంలో తెరచాప ఎత్తిన పడవలు జొన్నచేల నడుమ నుంచి పోయేవి. దూరం నుంచి చూస్తే కాలువ కనబడదు, నీళ్లు కనబడవు. చేను మీద ఒక తెల్లగుడ్డ నడిచిపోతున్నట్టు ఉండేది. మా నాయనమ్మ దాన్ని చూసి తలుపు వేసుకునేది.

పోనుపోను పడవలు ఆగిపోయాయి. అప్పుడు కాలువ పని చూసే దొర ఒకాయన, పడవలంటే ప్రాణం పెట్టేవాడు, నీళ్లు ఆపే లాకు పక్కన కంబాలు నాటించి, మీద బోదగడ్డి కప్పించి, రెండు పడవలను నీళ్లలో నుంచి గట్టుకు ఎత్తించాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తెడ్లు, గడలు, లంగర్లు, చిరిగిన తెరచాపలు, ఓడమీది కంచుగంట, ఇత్తడి లాంతరు, చేతిపని చిన్న పడవబొమ్మలు, అన్నీ వరసగా తగిలించి, కింద తెల్లరంగుతో ఇంగ్లీషులో రాయించాడు. దాన్ని ఆయన మ్యూజియం అనేవాడు. మాకది పడవల సాల. దొర తన దేశం వెళ్లిపోతూ సరంగును కాపలా పెట్టి పోయాడు. దొరలు మారారు. కాపలా మారలేదు.

సరంగు పొట్టి మనిషి. వెడల్పు భుజాలు. కాళ్లు ఎడంగా పెట్టి నడిచేవాడు, నేల ఎప్పుడు ఒరుగుతుందో అన్నట్టు. పొద్దున లేస్తూనే వేలు తడిచేసి పైకెత్తి, "గాలి తూర్పుకు తిరిగింది" అని చెప్పేవాడు. ఎవరికి చెప్పేవాడో తెలియదు. వినేవాళ్లు నవ్వేవాళ్లు. ఈడ గాలి ఎటు తిరిగితే ఎవరికేం?

నేను మనుషులను మెచ్చేది తక్కువ. వస్తువును పారేయని మనిషిని మాత్రం మెచ్చుకుంటాను. మా బావి తాడు ఒకసారి తెగితే ముడి వేసి వాడుకుంటున్నాను. సరంగు చూసి, "ముడి వేస్తే గిలకలో తట్టుకుంటుందమ్మా" అని తాడు అడిగి తీసుకున్నాడు. రెండు కొసల పురులు విప్పి, ఒకదాన్లోకి ఒకటి అల్లి, తొడమీద పెట్టి నలిపి ఇచ్చాడు. అతుకు ఎక్కడో నా వేళ్లకు దొరకలేదు. ఆ తాడు ఇంకో ఆరేళ్లు వచ్చింది.

సంతరోజున బద్వేలు వైపు బండ్లవాళ్లు వచ్చి సాలలో నీడకు కూర్చునేవాళ్లు. సరంగు వాళ్లకు అన్నీ చూపించేవాడు. అక్షరం రాకపోయినా ఏ రాత ఏ వస్తువుదో తెలుసు.

"ఇది లంగరండి. ఇది కిందికి వదిలితే పడవ ఆగుతుంది."

"ఈడ పడవే కదల్లేదు గదప్పా, ఇంగ దాన్ని ఆపేదెందుకు?"

"అందుకే పైన తగిలించామండి" అనేవాడు. తనే ముందు నవ్వేవాడు.

మా గుడి అయ్యగారు ఒకసారి వచ్చి, "ఏం సరంగూ, నోవహు ఓడ సిద్ధంగా ఉందా?" అని హాస్యమాడాడు. "నోవహుకు వానొస్తుందని ముందే చెప్పారండి, నాకెవరూ చెప్పలేదండి" అన్నాడు సరంగు.

పిల్లలను చిన్న పడవలో ఎక్కించుకోవడం అతనికి పండగ. కుడికాలు ముందు పెట్టాలి. చెప్పులు వేసుకోకూడదు. పడవమీద ఉన్నంతసేపు మునగడం అన్న మాట నోట రాకూడదు. అంతా సర్దుకున్నాక గంట కొట్టి, "తెర ఎత్తాం. బయల్దేరాం" అనేవాడు. గట్టు మీద కొయ్యల పైన కదలకుండా ఉన్న పడవలో పిల్లలు ఒకరినొకరు పట్టుకునేవాళ్లు.

మా పక్కింటి హుసేనమ్మ కూతురు మాబు అందరికంటే ముందు ఎక్కేది. హుసేనమ్మ వాళ్లు దూదేకేవాళ్లు, పరుపులు కుట్టేవాళ్లు. మాబుకు అప్పుడు పదేళ్లు, మా రాహేలుకు తొమ్మిది. ఇద్దరికీ ఒకే జడపిన్ను, ఒకరోజు ఒకరు పెట్టుకునేవాళ్లు.

"కడప వచ్చేసింది" అనేవాడు సరంగు.

"కడప దాటినంక కాలవ లేదంట గదా తాతా?" అనేది మాబు.

"కాలవ లేకపోతే పెన్న ఉంది తల్లీ. పెన్నలో దిగాం. అదిగో నెల్లూరు. ఇదిగో సముద్రం. ఉప్పుగాలి తగుల్తుంది, మూతి నాకి చూసుకోండి."

పిల్లలంతా మూతులు నాకేవాళ్లు. "ఉప్పగానే ఉండాది తాతా!" అని మాబు అరిచేది. అది దాని చెమట.

ఇవన్నీ అతను తీరికవేళల్లో చేసేవి. అసలు పని వేరే ఉండేది. పొద్దున ఎనిమిది కడవలు, సాయంత్రం ఎనిమిది కడవలు కాలువనీళ్లు మోసి పడవల కడుపులో పోసేవాడు. గోనెసంచులు తడిపి పక్కలకు కప్పేవాడు. చంటిబిడ్డకు పోసినట్టు పోసేవాడు, చెయ్యి అడ్డం పెట్టి.

"ఏమప్పా సరంగూ, పడవకు దప్పి తీరెనా?" అంటే,

"తీరదమ్మా. పడవ చెక్కకు ఎప్పుడూ దప్పికే. నీళ్లలో ఉన్నంతకాలం ఉబ్బి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి పలకలు. ఎండబెట్టామా, ముడుచుకొని దూరం జరుగుతాయి. ఆనక పడవ పడవ కాదు, జల్లెడ" అనేవాడు.

కాలువలో నీళ్లున్నంతకాలం అది ఒక పిచ్చి. మాకు కష్టం లేదు.

ఆ యేడు వానలు తప్పాయి. పైన ఏట్లో నీళ్లు లేక కాలువ మూశారు. అడుగున గుంతల్లో మిగిలిన బురదనీళ్లు కూడా ఒక నెలకు ఎండి పెచ్చులు లేచాయి. ఊరి చేదబావి ఇసుక కక్కింది. మా తోటబావిలో మాత్రం మోకాటిలోతు ఊట ఉండింది. ఊరంతా మా బావికే వచ్చేది. మా ఆయన మెత్తని మనిషి, అడిగినవాళ్లకు అడిగినన్ని ఇచ్చేవాడు. అట్లయితే పది దినాలు కూడా రావని నేను బావిగడ్డన నిలబడ్డాను. మనిషికి దినానికి ఒక కడవ. గొడ్డుకు ఒక కడవ. గుడ్డలు ఉతకడానికి లేదు. నన్ను ముళ్లకంప అన్నారు. ముళ్లకంప లేని చేను ఎవరికి మిగిలింది?

సరంగు ఒంటిమనిషి. ఒక కడవ. రోజూ వచ్చి, తన కడవ ముంచుకొని, నోరెత్తకుండా పోయేవాడు. కొన్ని దినాలకు అతని పెదాలు చీలి నెత్తురు కనిపించింది. మాట మాట్లాడితే నాలుక అంటుకుంటోంది. కడవనీళ్లు తాగే మనిషికి ఇదేం కర్మ అనుకున్నాను.

ఒక మిట్టమధ్యాహ్నం సాలకు పోయాను. పెద్ద పడవ ఎండి బూడిదరంగుకు తిరిగింది. దాన్ని వదిలేసినట్టున్నాడు. చిన్న పడవలో వంగి, నేనిచ్చిన నీళ్లను దోసిట్లో తీసుకొని పలకల సందుల వెంట పోస్తున్నాడు. ఒక చుక్క వేళ్ల మీదుగా మోచేతి దాకా జారితే దాన్ని నాకాడు. అతను తాగుతున్నది అంతే.

నాకు ఒళ్లు మండింది.

"ఏందప్పా ఇది? పసిబిడ్డలకు తాపను నీళ్లు లేక నేను ఊరితో తిట్లు తింటాండా. నువ్వు కట్టెకు తాపుతాండావా?"

సరంగు లేచి నిలబడ్డాడు. "నా వంతేనమ్మా. ఎవరిదీ ముట్టుకోలేదు."

"నీ వంతు నీ గొంతులోకి. నా బావి నీళ్లు కట్టెమీద పోస్తే ఊరుకోను."

"చిన్నదాన్నన్నా బతికించుకుంటానమ్మా. రెండు దోసిళ్లు చాలు. పలకలు విడిపోతే, రేపు నీళ్లొచ్చిన రోజున ఇది ఎవరికీ పనికిరాదు."

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"నీళ్లొచ్చిన దినమా! ఈడనా? నీళ్లు వస్తే గదప్పా!"

సముద్రం పక్క పుట్టినవాడికి నీళ్లంటే ఎప్పుడైనా వచ్చి మీదపడేవి. మాకు నీళ్లంటే రానివి. ఇద్దరం ఒకే మాట అంటున్నాం, అతనికి కనిపించింది నాకు కనిపించలేదు.

మరునాటి నుంచి అతనికి కడవ ఆపేశాను. రెండుపూటలా మా గడపకు వచ్చి, నా ముందర కూర్చొని, చెంబుతో నీళ్లు తాగి, ఇంత సంగటి తిని పోవాలని చెప్పాను. వచ్చేవాడు. "తాగు. నా కండ్లముందర తాగు. కడుపులో పోయినంక యాడికన్నా పో" అనేదాన్ని. కడసారి గుక్క నోట్లో పెట్టుకొని లేవబోయేవాడు. "మింగు" అనేదాన్ని. మింగేవాడు. కళ్లలో నీళ్లు వచ్చేవి. వీధిన పోయేవాళ్లు చూసి, "ముసలాయప్ప పానం కాపాడుతాండాది తల్లి" అనుకున్నారు. గుడిలో అయ్యగారు నా పేరు చెప్పి ప్రార్థన చేశారు. నేను తల వంచుకొని విన్నాను, సంతోషంగానే.

పడవ సంగతి నాకూ అతనికీ తప్ప ఎవరికీ తెలియదు. అతను ఎవరికీ చెప్పలేదు.

కొన్ని దినాల తర్వాత మధ్యాహ్నం పూట సాల వైపు నుంచి చప్పుడు మొదలైంది. టక్. కాసేపు ఉండి మళ్లీ టక్. లోపల ఎవరో వేళ్లు విరుచుకుంటున్నట్టు. మా ఆయన చూసి వచ్చి, పలకలు విచ్చుకుంటున్నాయి అన్నాడు. సరంగు అప్పుడు మా గడపలోనే ఉన్నాడు, చెంబు చేతిలో. ప్రతి టక్కుకు అతని భుజం అదిరింది. చెంబు మాత్రం ఖాళీ చేసి, బోర్లించి పెట్టి పోయాడు.

ఇప్పుడు కూడా ఎండాకాలం మా కొయ్యగాదె పగులుతూ అట్లాగే టక్‌మంటుంది. నేను చేస్తున్న పని ఆపేసి లేచి నిలబడతాను. ఎందుకు నిలబడతానో కోడళ్లకు తెలియదు.

రెండు నెలలకు ఒక సాయంత్రం చిన్న జల్లు పడింది. మన్ను పదునెక్కింది. ఊరికీ మా అవతలి చేనుకూ నడుమ ఒక వాగు ఉంది, వంక అంటాం. ఏడాదిలో పదినెలలు ఉత్త ఇసుక. మరునాటి పొద్దున జొన్న కొయ్యకాళ్లు ఏరడానికి ఐదుగురు ఆడకూలీలను ఆ చేనుకు పంపాను. వాళ్లవెంట రాహేలును, మాబును కూడా పంపాను. పిల్లల చేతులు కూడా పనికొస్తాయని.

ఆ పొద్దు మా ఊర్లో ఎండ కాస్తోంది. పైన ఎక్కడో, మాకు కనబడని కొండల్లో కురిసిందట. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు వంకలో దుమ్ము లేచినట్టు కనిపించింది. చూస్తే అది నీళ్లు. ఎర్రగా, చెట్లను మోసుకొని, ఎండలో మెరుస్తూ వచ్చింది. గంటసేపట్లో అవతలి చేను లేదు. చేను చివర ఉన్న తిప్పమీద ఏడుగురు నిలబడి చేతులు ఊపుతున్నారు. ఆ తిప్ప చూస్తుండగానే చిన్నదవుతోంది.

మా ఊర్లో ఈత వచ్చిన మగవాడు ఒక్కడూ లేడు. ఎక్కడ నేర్చుకుంటారు?

సాలకు పరుగెత్తింది నేనే.

"సరంగప్పా, పడవ!" అన్నాను.

అతను నా మాటకంటే ముందే చిన్న పడవలో ఉన్నాడు. పలకల మధ్య సందులో వేలు పెట్టి చూపించాడు. వేలు అవతలికి కనిపించింది.

"ఒక్క పగలు నీళ్లలో నాననిస్తే అదే మూసుకుంటుందమ్మా. ఒక్క పగలు."

మా దగ్గర ఒక్క పగలు లేదు.

హుసేనమ్మ ఇంట్లో ఏకిన దూది అంతా తట్టల్లో మోసుకొచ్చింది. అమ్మాల్సిన పరుపును కత్తితో చీల్చి అందులోదీ తెచ్చింది. నేను ఆముదం తెచ్చాను, చీరలు చింపాను. సరంగు ఉలితో దూదిని సందుల్లోకి కొడుతుంటే హుసేనమ్మ తడిపి తడిపి అందించింది. "ఈడ కూరు తాతా, ఈడ కూడా" అని ఒక్కో సందూ చూపించింది. తర్వాత ఇరవైమంది పడవను మోసి నీళ్లలో దించారు. సరంగు కుడికాలు ముందు పెట్టి ఎక్కాడు. నీళ్లు తోడి పోయడానికి మా ఆయన ఎక్కాడు.

మొదటి విడతలో నలుగురిని తెచ్చారు. మా ఆయన రాహేలును ఎత్తి గట్టుమీదికి విసిరినట్టు అందించాడు. మాబు కనబడలేదు.

"మాబు యాడే?" అని హుసేనమ్మ అరిచింది.

రాహేలు వణుకుతూ చెప్పింది. "నువ్వు ముందు పో, నేను తాతతో మళ్ల వస్తా, నాకు పడవ అలవాటే అనింది."

కొయ్యల మీద కదలని పడవలో కూర్చొని అంతసార్లు సముద్రం చూసివచ్చిన పిల్ల అది. దానికి పడవ అలవాటే.

కూరిన దూది సగం కొట్టుకుపోయింది. మా ఆయన చేతులు పైకి లేవడం లేదు. "నువ్వుండు నాయనా. ముగ్గురు రావాలి, బరువొద్దు" అని అతన్ని దించి, సరంగు ఒక్కడే పోయాడు. తిప్పమీద అప్పటికి నడుములోతు నీళ్లు. ముగ్గురినీ ఎక్కించుకోవడం మేము చూశాం. మాబు ముందు కొసన కూర్చొని చిప్పతో నీళ్లు తోడి పోస్తోంది. వంక సగం దాటారు. ఇంకా దాటారు. నాకు దాని తలలో జడపిన్ను మెరవడం కనిపించింది. అంత దగ్గరికి వచ్చారు. పడవ ఒరగలేదు, తిరగబడలేదు. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టుగానే కిందికి దిగిపోయింది.

సరంగు ఒకామెను జుట్టు పట్టుకొని ఒడ్డుకు లాగాడు. మళ్లీ దూకాడు. మళ్లీ దూకాడు. నాలుగోసారి మగవాళ్లు తాడు వేసి అతన్నే లాగవలసి వచ్చింది. ఒక కూలామె, మాబు దొరకలేదు. మాబు మూడోరోజున కింది ఊరి తుమ్మకంపలో దొరికింది.

వారం దాటాక కాలువ అధికారి ఒకాయన వచ్చి, సాలలో కుర్చీ వేసుకొని విచారణ చేశాడు. దూరపు మనిషి. ఊరంతా చుట్టూ నిలబడింది. నేను ముందువరసలో, కొంగు తలమీదికి లాక్కొని ఉన్నాను. హుసేనమ్మ నా పక్కనే ఉంది.

"పడవ ఎందుకు పోయింది?" అని అడిగాడు అధికారి.

"మునిగిందండి" అన్నాడు సరంగు. అతని నోట ఆ మాట నేను అప్పుడే విన్నాను.

"ఎందుకు మునిగింది?"

"రోజూ తడపాలండి. రెండు నెలలుగా తడపలేదు. పలకలు విడిపోయాయి."

"తడపడానికి నీళ్లు లేవా?"

నేను కొంగు ఇంకా ముందుకు లాక్కున్నాను.

"కాలవ గుంతల్లో ఉన్నాయండి. మోసుకోవచ్చు. ఒళ్లు బరువై మోయలేదు. నాదే తప్పండి."

గుంతలు ఎండి ఎన్నాళ్లయిందో అక్కడ నిలబడిన ప్రతివాళ్లకూ తెలుసు. ఒక్కరూ అనలేదు. తప్పు ఒక మనిషి మీద పడి ఆగితే ఊరికి మంచిది. అతను చెబుతున్నంతసేపూ నావైపు చూడలేదు. ఆ సాలలో అతను చూడని చోటు నేనున్న చోటు ఒక్కటే. "నేనే ఆపినానయ్యా" అనడానికి రెండు మాటలు చాలు. కడవ ఎక్కువ ముంచినదని ఆడవాళ్లను ఆమడ దూరం వినపడేట్టు తిట్టిన నోరు నాది. ఆ పొద్దు అది తెరుచుకోలేదు.

సరంగును పనిలో నుంచి తీసేశారు. పెద్ద పడవను కట్టెలకింద వేలం వేశారు. పోయే పొద్దున అతను మా గడపకు వచ్చాడు. ఇప్పుడన్నా నన్నొక మాట అంటాడు అనుకున్నాను. అంటే బాగుండునని కూడా అనుకున్నాను.

"అమ్మా, సాలలో గోనెసంచులు ఇరవై దాకా ఉన్నాయి. బాగా ఆరబెట్టాను. మీ గింజలకు పనికొస్తాయి."

అంతే. కాళ్లు ఎడంగా పెట్టి నడుచుకుంటూ మైదుకూరు దోవ పట్టాడు. ఆ సంచులు నేను తెచ్చుకున్నాను. ఎనిమిదేళ్లు వాడాను.

అప్పటినుంచి హుసేనమ్మ మా బావికి వచ్చినప్పుడల్లా సరంగును తిట్టేది. కడవ ముంచుతూ, "ఆ సోమరి ముసలోడు, వాని చేతులు పడిపోను, నాలుగు కడవలు మోసింటే నా బిడ్డ బతికుండేది" అనేది. నేను గిలక పక్కన నిలబడి వినేదాన్ని. ఒకరోజు కాదు, ఒక యేడు కాదు. నా రాహేలుకు పెళ్లయింది, బిడ్డలు పుట్టారు, ఆ బిడ్డలు నా ఒడిలో పెరిగారు. హుసేనమ్మ తిట్టు మాత్రం అంతే ఉంది. మా ఆయన పోయాడు. ఆయనకూ చెప్పలేదు.

ఆ చెల్లెలి కొడుకు వచ్చి పోయాక నాకు అన్నం సయించలేదు. నాలుగోరోజున లేచి హుసేనమ్మ ఇంటికి పోయాను. ఆమెకు ఇప్పుడు చూపు తక్కువ. గోడకు ఆనుకొని, చేత్తో తడిమి దూదిలో గింజలు ఏరుతోంది. ఎదురుగా కూర్చొని, సరంగు పోయాడని చెప్పాను. ఆమె చేయి ఆగలేదు. అప్పుడు మొత్తం చెప్పాను. దోసిలినీళ్లు, నా నవ్వు, చెంబు, "మింగు" అన్న మాట. దాచుకోకుండా చెప్పాను. చెప్పి, ఆమె ఏం చేసినా సరే అని కూర్చున్నాను.

"నాకు తెల్సులేక్కా" అంది హుసేనమ్మ.

దూదిలోనుంచి ఇంకో గింజ తీసి పక్కన వేసింది.

"గుంతలు ఎండినాయని నాకు తెలీదా? ఆయప్ప మూడుపొద్దులూ పడవ సుట్టూ తిరిగేటోడు, సోమరి యాడాయప్ప? నాలుగుసార్లు నీళ్లలోకి దూకినోడు. ఆ పొద్దు ఆఫీసరు ముందర నీ నోరు లేయకపాయె. ఊరంత నోరు నీది, లేయకపాయె. అప్పుడే తెలిసిపాయె."

"మరి ఇన్నేండ్లూ ఆయప్పను తిడితివే?"

హుసేనమ్మ చూపులేని కళ్లు నావైపు ఎత్తింది. కోపం లేదు. చిన్నపిల్లకు తెలియనిది చెప్పినట్టు చెప్పింది.

"నిన్ను తిట్టి, కడవ యాడ ముంచుకోవాలక్కా?"